మీటరు మీది పేరు

మా గల్లీల పసిపోరలు
కరెంటు పోతే లేస్తరు.
సాంచెల సప్పుడు మీద నేర్చిన నిద్ర వాళ్లది,
సప్పుడు ఆగిందంటే ఉలిక్కిపడి ఏడుపు.
సబ్‌స్టేషన్‌కు ఫోను కలవకముందే
మాకు అట్ల తెలుస్తది.

ఇయ్యాల కరెంటు సంఘం ఓట్లు.
వంగిన పోలు ఎవ్వలు నిలబెట్టాలె,
కాలిన ట్రాన్స్‌ఫార్మర్ ఎన్నొద్దులకు రావాలె,
సాంచెకు యూనిట్ ఎంత పడాలె,
అది చూసే మనిషిని మేమే పెట్టుకునే ఓట్లు.
ఇసొంటి ఓటు అందరికి ఉండదని
మా మామ గర్వంగ చెప్పేటోడు,
కండె చేతిల పట్టుకొని, పోగు తెగినా చూడకుంట.

బడిల బల్ల. లైను సిరిసిల్ల ఎండల బజారు దాకా.
సర్వీసు నంబరు చెప్పిన.
సారు స్కేలు కిందికి జరిపి
"ఆడెపు రాజవీరు" అని చదివిండు.
"ఆయన రాలేదా అమ్మా?"

ఎట్లొస్తడు సారూ,
మానేరు ఇసుకల బూడిదై నాలుగేండ్లాయె.

బిల్లు ఇంకా ఆయన పేరు మీదనే.
కట్టేది నేను.
పోయిన నెల మా ఇంట్ల
మూడువేల బీడీల కరెంటు కాలింది.
నా లెక్క యూనిట్లల్ల ఉండదు,
తునికాకుల ఉంటది.
పేరు మార్చుమని రెండుసార్లు పోయిన.
వారసుల కాయిదం తెమ్మన్నరు, స్టాంపు తెమ్మన్నరు,
ఆడిబిడ్డ సంతకం తెమ్మన్నరు.
ఆమె భీవండిల ఏ సెడ్డుల ఉన్నదో
ఆమె మొగనికే తెల్వది.

సెడ్డు ఓనరు బాలకిష్టయ్యకు ఏడు మీటర్లు.
కొడుకు, కోడలు, బామ్మర్ది, ఆఖరికి వంటామె,
మీటరుకొక పేరు.
ఒక్క కారుల ఏడుగురు ఇరుక్కొని వచ్చిండ్రు.
వంటామె నన్ను చూసి తల వంచుకున్నది.
ఏమనలే నేను. ఆమెది కూడ కూలే.

"రూల్ అమ్మా" అన్నడు సారు, మెల్లగనే.
"చచ్చినాయన పేరు కొట్టేస్త, సంతకం పెట్టు."
కొట్టెయ్యనియ్యలే.
ఉండనీ. ఆ ఒక్క గీత మీదనే కదా
ఈ ఇల్లు అక్కడ ఉన్నది.

వచ్చే నెల బిల్లు పిలగాడొచ్చి
గేటు కాడ "రాజవీరూ" అని పిలుస్తే
చెప్తనుకున్న:
మానేరు కాడ ఉన్నడు బిడ్డా, అక్కడ ఇయ్యిపో.

చెప్ప.
గోనె ఊయలల పిల్ల
ఇప్పుడే పండుకున్నది.
పక్కింటి సాంచె నడుస్తనే ఉండాలె.