పెన్సిల్ గీతలు

గేటుకు నోటీసు అంటించి పోయిండ్రు.
గోడకు బీటలు, సెల్లార్ల నిల్వ నీళ్లు,
పదిహేను దినాల గడువు, ఆపైన జుర్మానా.
మైదా లై ఇంకా ఆరలే.

సర్కిల్ ఆఫీసు ముంగట జిరాక్స్ డబ్బా సాంబయ్య
అప్పీళ్లు రాసుట్ల చెయ్యి తిరిగినోడు.
"కట్టకు సార్, కడితే తప్పు ఒప్పుకున్నట్టే.
ముందుగాల సున్నమెయ్యి, ఫొటో దియ్యి, తారీఖు పడాలె.
మేస్త్రీ రసీదు పాతది దొరుకుతదా? దొరకాలె.
కిరాయిదారు సంతకం గూడ తే,
మాకేం తక్లీఫ్ లేదని."

మలక్‌పేటల మా కింది పోర్షన్ షాహిస్తాబీది.
సున్నం బకెటు, బ్రష్షు పట్టుకొని పోయిన.

వంటింటి గోడ మీద
ఆమె బిడ్డ గీసిన పెన్సిల్ గీతలు.
బీట ఎంతదాక పాకితే అంతకాడ ఒక అడ్డగీత,
పక్కన తారీఖు.
రంజాన్ నెలల గ్యాస్ పొయ్యంత ఎత్తు.
తొలివానకు పిల్ల చెవులంత.
మొన్నటిది అందక స్టూలెక్కి గీసిందట.

ఆ తారీఖులు నేనెరుగుదును.
నాకు ఫోన్లొచ్చిన దినాలే అవి.
"చూస్త తియ్యమ్మా" అన్న దినాలే.

బ్రష్షు ముంచిన. తీసిన.
చుక్కలు చెప్పుల మీద పడ్డయ్.
మళ్ల ముంచిన.

"ఠైరో అంకుల్, ఇయ్యాల్టిది ఇంక గియ్యలే,"
పిల్ల స్టూలు ఈడ్చుకొచ్చింది.
దాని కాలొకటి ఊగుతది,
వంగి పట్టుకున్న.

పైనుంచి అడిగింది:
"తారీఖెంత?"

క్యాలెండరు దిక్కు చూడకుండనే చెప్పిన.