అడ్డు

నా లెక్కల పుస్తకంలో దానికి గడి లేదు.
రెండు పాయింట్లకి ఉంది, ఫౌలుకి ఉంది,
ఫ్రీ త్రో పడితే నింపడానికి చిన్న సున్నా ఉంది.
మనిషి కదలకుండా నిలబడితే ఎక్కడ రాయాలో
ఎవరూ గీసి ఇవ్వలేదు.

మారెన్ ఓల్నెస్ పేరు మొదటిసారి రాసింది
పెన్సిలు చెక్కడం మరిచిన ఒక నవంబరు రాత్రి.
తొమ్మిదో తరగతి. అన్న బూట్లు, ముందువైపు గుడ్డ కుక్కి.
బయట చక్కెర మిల్లు. ఉడికిన బీటుదుంప వాసన
జిమ్ తలుపు తీసినప్పుడల్లా
టికెట్టు లేకుండా లోపలికొచ్చి కూర్చునేది.

పదకొండో తరగతిలో ఒక్క రాత్రే ముప్పై నాలుగు కొట్టింది.
గడులు చాలక అంచుల్లో రాశాను.
మర్నాడు పెట్రోలు బంకులో అందరి నోటా అదే అంకె.
చలి కూడా సున్నాకి కింద ముప్పై నాలుగేనని
ఎవరో అంటే, గర్వంగా నవ్వుకున్నాం,
రెండూ మా ఊరు సాధించినవే అన్నట్టు.

కాలేజీ నలభై మైళ్ళు. అక్కడ స్కోరు రాసే ముసలాయన పోతే
ఇంకో ముసలాణ్ణని నన్ను పిలిచారు.
మొదటి ఏడాదంతా ఆమె పేరు రాసి, పక్కన తెల్లగా వదిలేసేవాణ్ణి.
మొత్తం కలిపి పదకొండు నిమిషాలు.
చర్చి కింది గదిలో కాఫీ పోస్తూ వాళ్ళమ్మ
"బాగా ఆడుతోందా?" అంది.
బాగా కూర్చుంటోంది అనబోయి
చక్కెర అడిగాను.

రెండో ఏట కోచ్ ట్రిమ్‌బుల్ పక్కకి పిలిచి చెప్పింది:
"నీకంటే బాగా బంతి వేసేవాళ్ళు నలుగురున్నారు నాకు.
నిలబడేవాళ్ళే లేరు."

ఏ పిల్లకైనా పుట్టినప్పట్నించీ చెప్పేది ఒకటే కదా,
అడ్డు రాకు, అడ్డు తగలకు, అడ్డు లే.
ఈమెకి పంతొమ్మిదో ఏట అడ్డు నిలబడటం నేర్పారు.
పాదాలు భుజాలంత ఎడం. చేతులు గుండెల మీద ముడి.
పరిగెత్తుకొచ్చేవాళ్ళని చూడొచ్చు,
జరగకూడదు.
అంగుళం జరిగినా తప్పు నీదే.

మిన్నియాపోలిస్ పిల్ల హోడాన్ ఒస్మాన్,
నల్ల హిజాబు, ఐదడుగుల మూడంగుళాలు,
ఆ భుజాన్ని ఒరుసుకుంటూ మలుపు తిరిగేది.
ఇద్దరి మధ్యా కాగితం దూరే సందుండేది కాదు.
తరుముకొచ్చిన పిల్ల మారెన్‌కి కొట్టుకునేది.
ధప్.
ఆ చప్పుడు నా బల్లదాకా వచ్చేది.
అప్పటికే బంతి గాల్లో.
నేను తల వంచుకుని హోడాన్ పేరుకెదురుగా రెండు వేసేవాణ్ణి.

తిరుగు ప్రయాణంలో బస్సు వెనకసీట్లో
ఎముక మీద ఐస్ సంచి, ఒళ్ళో నేలల శాస్త్రం పుస్తకం.
కమిలిన చోటు నేరేడు రంగు, అంచుల్లో పసుపు.
"నొప్పా?" అంటే
"ఎర్రమట్టి మీద రేపు పరీక్ష" అంది.

చివరి ఆట మూడు పాయింట్లతో పోయింది.
ఓల్నెస్: పాయింట్లు రెండు, ఫౌళ్ళు నాలుగు.
అందరూ ఏడుస్తుంటే నీళ్ళ సీసాలు ఏరింది.
నాలుగేళ్ళు కూడి చూస్తే
హైస్కూల్లో ఒక్క చలికాలమంత లేదు.
రెండుసార్లు కూడాను. అంతే వచ్చింది.

మే నెలలో అదే జిమ్‌లో స్నాతకోత్సవం.
నేలకి ఒక పట్టా పరిచి, దానిమీద పిల్లలకి పట్టాలు.
గీతలేవీ కనబడవు.
అక్షరాల వరసలో ఓల్నెస్, వెనకే ఒస్మాన్.
పేరు పిలిచారు. నాలుగడుగులు వేసి
ఫ్రీ త్రో గీత మూల ఉండాల్సిన చోట
మారెన్ ఆగింది. గౌను కింద పాదాలు ఎడం చేసింది.
నాకు తెలుసు, నా బల్ల నుంచి కొలత అదే.

హోడాన్ ఆగలేదు.
టోపీ కుచ్చు ఊగుతుంటే ఆ భుజం ఒరుసుకుంటూ
ఎడమవైపు నుంచి తిరిగి వెళ్ళిపోయింది.

ఆ వెనక, ఫోను చూసుకుంటూ వస్తున్న కుర్రాడెవడో
ధప్.