పదిహేడో బీకరు

రాత్రి పదకొండు దాటినంక
నత్త ఒంట్లోంచి బయటికొస్తాయి అవి,
తోకలున్న దుమ్ములాగా.
బీకరు గోడకు చుట్టిన పల్చటి కాగితాన్ని
గడ్డిపరక అనుకుని అతుక్కుంటాయి.
తోక రాల్చుకుంటాయి.
ఇక ఏ గొర్రె నోరో వచ్చేదాకా ఎదురుచూపే.

నత్తల్ని ఎస్సారెస్పీ పిల్లకాలువలో ఏరుకొచ్చాను,
ఊరుగొండ దగ్గర, మోకాళ్లదాకా బురదలో.
పురుగు పట్టిన నత్త గుడ్లు పెట్టదు.
గుల్ల మాత్రం తోటివాటికన్నా పెద్దగా పెరుగుతుంది.
చూసినవాళ్లు ఎంత బలంగా ఉందో అంటారు.
మొదటి ఏడాది నేనూ నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను,
తర్వాత కొట్టేశాను.

బుధవారాలు కబేళాకి.
యాకయ్య కార్జం కోసి పళ్లెంలో పెడితే
చింతాకనుకున్నాను, వేపాకంత ఉన్నాయి జలగలు.
ఒకదాంట్లో నలభై మూడు.
ఇంకోదాంట్లో రెండే. అదే మంద, అదే మేత.
ఎందుకు రెండే?
నా పీహెచ్‌డీ అంతా ఆ రెండు దగ్గరే ఆగింది.

గొర్ల బీరయ్య ఆగలేదు, బీడీ ఆర్పి అన్నాడు:
"అన్నిట్ని సంపుకుంటె అదేడ పండుతదే బిడ్డా?
దానిగ్గూడ రేపనేది ఉండాలె గద.
పొద్దుగాల మంచు ఆరేదాక నేను మంద ఇడువ.
అది గూడ ఏందో ఒకటి నేర్సుకునే ఉంటది."

మూడో అధ్యాయం. అరవై రెండు పేజీలు, ఎనిమిది గ్రాఫులు.
అదే మాట.
రెఫరెన్సుల్లో రాద్దామంటే
బీరయ్యకు సంవత్సరం లేదు, పేజీ నంబరు లేదు.

ఫెలోషిప్ పడక ఏడు నెలలు.
నయీంనగర్ మెస్సులో సుగుణమ్మ ఖాతా పుస్తకం తెరవదు,
నేను రెండోసారి కూర అడగను.
ఇట్లాంటి సర్దుబాటుకు ఎన్ని వేల తరాలు పడుతుందో
మొన్న సెమినార్లో చెప్పి వచ్చాను.
మాకు ఒక్క ఎండాకాలంలో కుదిరింది.

పదిహేడో బీకరు.
అన్నిటితో పాటే పురుగు పిల్లల నీళ్లలో ఉంచాను,
మూడుసార్లు. దీనికి పట్టలేదు.
చిన్న నత్త. గుల్ల అంచు కొంచెం విరిగింది.
గాజుకు జిగురుగా అంటించిన గుడ్లు తక్కువే,
లెక్కపెట్టాను, పదకొండు.
తప్పించుకున్నదానికి కూడా ఏదో ఖర్చయింది.

కరెంటు పోయింది.
ఫోన్ వెలుగులో మళ్లీ లెక్కపెడితే పన్నెండు.
పదకొండును కొట్టేయాలి,
పెన్ను దొరకడం లేదు.