వేలిముద్ర పడలేదు

రేషన్ మిషను మూడుసార్లు కాదంది.
"తడి తుడుచుకుని మళ్ళీ పెట్టు" అన్నాడు డీలరు.
తుడిచాను. బొటనవేలు
అద్దం మీద అద్దంలా జారింది.

ఇరవై రెండేళ్ళు యార్డు వెనక షెడ్డులో
తొడిమలు తీసిన వేళ్ళివి.
తేజో, బ్యాడిగో, నంబర్ ఫైవో
కళ్ళు మూసుకుని చెప్పేవి.
మంట వీటికి కొత్త కాదు.
కొత్తది చలి.

మొదటిసారి కోల్డ్ స్టోరేజీలో, టిక్కీలు లెక్కపెడుతుంటే
చూపుడువేలు సున్నం పూసినట్టు తెల్లబడింది.
కాసేపటికి నేరేడు రంగు.
బయటికొచ్చాక, నెత్తురు తిరిగొస్తూ, పండుమిర్చి.
"నీ చేతికి పండగొచ్చిందే!" అని మస్తానమ్మ నవ్వింది.
తర్వాత మే నెలలో,
కోడిగుడ్డు రోడ్డు మీదే ఉడికే గుంటూరులో,
కుండలో చెంబు ముంచినా అదే పండగ.
రెండో ఏటికి నోరు పూర్తిగా తెరవక
ముద్ద చిన్నదైంది.

పెద్దాసుపత్రిలో చిన్న డాక్టరమ్మ
గోరు మొదట్లో నూనెచుక్క వేసి
స్క్రీను నా వైపు తిప్పింది.
వరసగా ఉండాల్సిన నెత్తుటి దారాలు
కొన్ని ఉబ్బి, కొన్ని తెగి,
నడుమ ఖాళీ జాగాలు,
సీజనైపోయిన యార్డులా.

కాగితం మీద యాంటీ సెంట్రోమియర్ పాజిటివ్.
"ఒంటిని కాయాల్సినవేనమ్మా, ఒంటి మీదే పడ్డాయి."
కంచే చేను మేసిందా అన్నాను.
"మేయడం కాదు. ఏది చేనో, ఏది బయటో
కంచెకి తెలియట్లేదు."
ఎందుకని?
"అది మాకూ తెలీదు."
ఆ మాటతో ఆమె మీద నమ్మకం కుదిరింది.

ఆర్నెల్లకోసారి గుండెకి జెల్ రాసి చూస్తారు,
ఊపిరితిత్తుల దారిలో ఒత్తిడి పెరిగిందేమోనని.
నల్లచెరువులో మా మేడకి పధ్నాలుగు మెట్లు.
ఎనిమిదో మెట్టు దగ్గర నాకో పని ఉన్నట్టు
ఆగడం నేర్చుకున్నాను.

డీలరు చివరికి కన్ను చూసి బియ్యమిచ్చాడు.
మిషను మీద కోపం రాలేదు.
నా నెత్తురే నన్ను పోల్చుకోలేదు,
నెలకోసారి చూసే దానికేం తెలుస్తుంది.

సంచి మోసుకొచ్చింది మస్తానమ్మే.
పని మధ్యలో లేచొచ్చింది, చేతులు కడగలేదు.
తెల్లబడ్డ నా రెండు చేతుల్నీ
తన అరచేతుల్లో మూసి పట్టుకుంది.
వేలికొస పుండుకి కారం తగిలింది.
"అయ్యో, మండుతోందా?"

మండుతోంది.
వెచ్చగా కూడా ఉంది.
తీయకు అన్నాను.