గురువారం డబ్బా

మా కొండల దేశంలో గురువారం ఎర్రగా ఉంటుంది.
ఎర్ర జాకెట్లు, నల్ల పావడాలు, తెల్ల టోపీలు,
మట్టిదారి పట్టి చర్చికి ఎక్కివచ్చే ఆడవాళ్ళు.
మగవాళ్ళు లెసోతో సరిహద్దుకి అవతల
భూమికి మైలున్నర కింద
ఎవరిదో బంగారం తవ్వుతుంటారు.

నా పేరు తెబెల్లో. అందుకే అమ్మ మాతెబెల్లో.
మా వైపు తల్లికి పేరు పెట్టేది మొదటి బిడ్డే.
ఎదురుచూపు అని నా పేరుకి అర్థం.
అంటే అమ్మ, ఎదురుచూపుని కన్నతల్లి.

పొద్దున్నే, పొయ్యి రాజేయకముందే,
కంబళి భుజాన పిన్నీసు గుచ్చుకుని
పేడతో అలికిన నేల మీద మోకరించేది.
ఆమె ప్రార్థన ఊరంతా ఒక నడక.
పైవాడ నుంచి మొదలుపెట్టేది:
కొట్టు నడిపే రాలెకొవా కడుపులో పుండు,
పోలీసు కొడుకు తాగుడు,
చెవిటి గొర్రెలకాపరి కుర్రాడికి మంచులో చెప్పులు,
ఈనలేక అరుస్తున్న ఎవరిదో ఆవు.
ప్రతి గడప దగ్గరా ఆగి
మా గడప దాకా వచ్చేసరికి
ఆమేన్ అనేసేది.

నాన్న ఉత్తరం రాసి నాలుగు నెలలు.
ఒకరోజు గంజి కలుపుతూ అడిగేశాను:
"ఊరి పొయ్యిలన్నీ ఊదుతావు.
మన పొయ్యి ఎవరు ఊదాలి?"

అమ్మ గిన్నె అంచు వేలితో తుడిచింది.
"మీ నాన్న పేరు ఎవరి దగ్గరో ఉంది."
ఏడాది మొదటి గురువారం
పాలపొడి డబ్బాలోంచి
ఒక్కొక్కరూ ఒక గని మనిషి చీటీ తీస్తారట.
ఎవరిది వచ్చిందో బయట చెప్పకూడదు.
సొంత మనిషిది వస్తే తిరిగి డబ్బాలో వేసెయ్యాలి.
"మనవాళ్ళ కోసం అడిగేటప్పుడు
నోరు బేరమాడుతుంది" అంది.
నాకు అర్థం కాలేదు. గంజి అడుగంటింది.

నాన్న వచ్చాడు.
ఒక ట్రంకు పెట్టె, ఒక రేడియో,
రెండు అడుగులేస్తే ఈల వేసే ఛాతీ.
లోపలంతా రాతి పొడి అన్నాడు డాక్టరు,
కిటికీలోంచి బయటికి చూస్తూ.

అమ్మ నోరు ఆ రోజే పడిపోయింది.
మోకరించేది. అంతే.
పైవాడ దాకా కాదు, పక్కింటి దాకా కూడా
మాట నడిచేది కాదు.

గురువారం వాళ్ళే వచ్చారు,
చర్చి దారి వదిలి, మా గుడిసెలోకి,
గుమ్మం పట్టనంత ఎరుపు.
వాళ్ళలో మాఖౌహేలో.
మా ఎద్దు వాళ్ళ మొక్కజొన్న మేసిన గొడవలో
ఆరేళ్ళుగా మా గాలి కూడా పీల్చని మనిషి.
కీళ్ళు పటపటమంటుండగా మంచం పక్కన వంగి
నాన్న పేరు పలికింది.
సెఖోబే. తండ్రి పేరుతో, తాత పేరుతో,
తడుముకోకుండా,
రోజూ వాడి సొట్టపడ్డ చెంబుని
చీకట్లో అందుకున్నట్టు.

మూడేళ్ళూ వరసగా ఆ చీటీ తనకే వచ్చిందట.
"మొదటి ఏడు పళ్ళు కొరుక్కుంటూ చేశాను"
అంది తర్వాత, టీలో నాలుగో చెంచా చక్కెర వేసుకుంటూ.
"రెండో ఏడు మీ ఎద్దు మీద కోపం కోసం వెతికాను.
ఎక్కడ పెట్టానో దొరకలేదు."
అమ్మ నవ్వింది. నెల తర్వాత మొదటిసారి.

నాన్న బతకలేదు.
పీచు చెట్లు ఆకు లేకుండానే పూసే ఆగస్టులో పోయాడు.
మరి ప్రార్థన ఏం చేసినట్టు అని నన్నడక్కండి.
అమ్మ మూగబోయిన ఆ ఏడు వారాలూ
ఆమె బిందె ఇంకొకరి తల మీద నడిచింది.
నేను చూసింది అది. దానికే సాక్షిని.

ఇప్పుడు మసేరులో, జీన్స్ ఫ్యాక్టరీలో,
నలభై రెండో మిషను నాది.
పొద్దస్తమానం ఎడమ జేబులే.
ఏ ఓడెక్కి ఏ దేశం పోతాయో తెలీదు.
డబ్బా లేదు, చీటీ లేదు, పేరు లేదు.
జేబు మూల తిరిగేటప్పుడు
సూది మూడు సెకన్లు వెనక్కి కుడుతుంది.
ఆ మూడు సెకన్లూ నావి.
ఇందులో చెయ్యి దాచుకుని
ఏ ఆస్పత్రి వరండాలోనో నిలబడబోయే మనిషిని,
అడుగున ఆఖరి చిల్లర తడుముకోబోయే మనిషిని,
ప్రభువా,

అనేలోపు
తర్వాతి జేబు వచ్చేస్తుంది.