ఏడో వాటా

పాత పోస్టాఫీసు వెనక సాయంకాలం కాలేజీలో
మూడో ట్యూబులైటు ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటుంది.
దాని కింద నిలబడి నిన్న చెప్పాను:
"మనుషులు మొదట ఒంటరివాళ్ళు.
భయమేసి ఒకచోట కూడి
ఒక ఒప్పందం చేసుకున్నారు.
అదే రాజ్యం."
ముప్పై పెన్నులు ఒక్కసారి తలవంచాయి.
ఒక్కటి వంచలేదు.

తెడ్డు పరశయ్య, వెనక బెంచీ.
తెల్లారగట్ల ఐసు కొడతాడు,
పొద్దుగూకాక డిగ్రీ చదువుతాడు.
"ఆ కాయితం మీద మాయమ్మ ఏలిముద్ర
ఎవులు ఏయించీసినారు మేడమ్?"
క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను,
జవాబు తెలియని టీచరు నవ్వే నవ్వు.

ఇవాళ నాలుగున్నరకే హార్బరుకి వెళ్ళాను.
చేపల కోసమేనని నాకు నేను చెప్పుకున్నాను.
కొండ ముక్కు మీంచి లైట్‌హౌసు వెలుగు
నీళ్ళను లెక్కపెడుతూ తిరుగుతోంది.
జెట్టీ నిండా కోనాలు, పారలు,
తోకలింకా ఆడుతున్న కానాగంతలు.
పరశయ్య తల్లి దేముడమ్మ గంప బోర్లించి
దాని మీద కూచుని పాట పాడుతోంది, వేలం పాట.
"ఎనిమిదొందలు, ఎనిమిదొందలు,
ఎనిమిదొందల యాభై,
నోరు నొప్పెడతంది నాయనా, అనండి."

ధరలు వాటంతటవే సర్దుకుంటాయనీ
కనపడని చెయ్యేదో సర్దుతుందనీ
పోయిన నెలే పాఠం చెప్పాను.
ఇదిగో, కనబడింది.
ఇద్దరు ఏజెంట్లు, మధ్యన ఒక గళ్ళ తువ్వాలు.
తువ్వాలు కింద వేళ్ళు వేళ్ళతో మాట్లాడుకున్నాయి.
పాట తొమ్మిదొందల దగ్గర చచ్చింది.
"సూసినావేటి?" అంది దేముడమ్మ,
నన్ను కాదు, కొడుకుని.
పరశయ్య ఐసు మీద సుత్తి
ఇంకాస్త గట్టిగా దించాడు.

నీళ్ళ అవతల పాత గోదాములు.
మనిషి పుట్టుకతో స్వేచ్ఛాజీవి అని రాసిన పుస్తకాలు
ఎప్పుడో ఏ ఓడలోనో ఇక్కడికే దిగి ఉంటాయి.
అదే ఓడలో తాళాలూ దిగి ఉంటాయి,
తూకపు రాళ్ళూ,
పన్ను కట్టనివాడి పేరెక్కించే చిట్టాలూ.
ఏ పెట్టె ముందు తెరిచారో
కోటవీధి గోడలకి తెలుసు.
వాటికి మాత్రం ఉప్పుగాలి తినేసిన నోళ్ళు.

ఎండెక్కాక లెక్క.
నేను వెళ్ళిపోవలసినదాన్ని, వెళ్ళలేదు.
ముందు డీజిలు, ఐసు తీసేశారు.
మిగిలింది కుప్పలు.
బోటుకొకటి, వలకొకటి,
కష్టానికి నాలుగు.
దేముడమ్మ ఏడోది కూడా వేసింది.
దాని ముందు ఎవరూ లేరు.

"ఇది గురయ్యది."
పోయిన తుపానుకి వెళ్ళి తిరిగిరాని గురయ్య.
ఇంట్లో పెళ్ళాం, నడకైనా రాని గుంటడు.
"ఎన్నాళ్ళు?" అడిగాను.
"గుంటడు తెడ్డు అట్టుకున్నదాకా."
"ఎక్కడైనా రాసుకున్నారా?"
నావైపు అదోలా చూసింది,
ముల్లు దిగిన వేలిని చూసుకున్నట్టు.
"రాసుకుంటే కొట్టీసుకోడానికే కదమ్మా."

లచ్చన్న గొణిగాడు:
"మాయింట్లోనూ పొయ్యుంది."
ఎవరూ కాదనలేదు.
ఎవరూ కుప్ప ముట్టుకోనూ లేదు.
అతనే కాసేపటికి లేచి
ఏడో కుప్ప మీద తడిగోనె కప్పాడు, ఈగలు వాలకుండా.

లేవబోతూ అడిగాను, నీదేదీ అని.
దేముడమ్మకి ప్రశ్నే అర్థం కాలేదు.
"పాట పాడినోలికి వాటా ఏటమ్మా?
అడుగున మిగిలిన కవళ్ళు ఏరుకోని పోతాను."

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది.
ఒళ్ళో సంచి, సంచిలో కోనెం ముక్కలు,
వారం రోజులుగా దిద్దని పేపర్లు.
సామాజిక ఒప్పందమును వివరింపుము, పది మార్కులు.
పరశయ్య పేజీలో రెండే వాక్యాలు,
పాఠ్యపుస్తకం భాషలో, ఒద్దికగా:
"మా అమ్మ ఏడు కుప్పలు వేయును.
ఎనిమిదవది తనకు వేసుకొనుట
ఆమెకు ఎవరును నేర్పలేదు."

పెన్ను మూత తీశాను.
జవాబుల పట్టీలో అయిదు అంశాలున్నాయి,
ఒక్కో దానికి రెండు మార్కులు.
జగదాంబ దాటింది, నా స్టాపూ దాటింది.
సంచిలోంచి ఐసునీళ్ళు కారి
'వివరింపుము' మీద సిరా
మెల్లగా పాకుతోంది.