ఒకే గాటన

ఫిబ్రవరి పద్దెనిమిది. సముద్రం మీద దారి తెరిచి పదకొండు రోజులు.
మా ఎస్టోనియా ద్వీపం నుంచి అవతలి ఒడ్డుకి
బెల్టులు విప్పుకుని, తలుపు గడియ మీద చెయ్యి ఉంచుకుని
జనం మంచు మీదే వెళ్తున్నారు కార్లలో.
నేను హీటరు పక్కన కూర్చుని
ఎండెల్ పంపిన అంకెలు ఎక్సెల్‌లో పోస్తున్నాను.

మంచు మందం ఇరవై ఏడు సెంటీమీటర్లు.
గాలి, సున్నాకి ఒక డిగ్రీ పైన, మూడు రోజులుగా.
దాటిన బళ్ళు నాలుగువందల పన్నెండు.
వాయుపీడనం వెయ్యిన్నీ నాలుగు.

అన్నీ ఎంచి ఒక్క నొక్కు నొక్కాను.
పీడనం ఒక్కటే పైన, దొరగారిలా, కదలకుండా.
తక్కినవి అడుగున నలిగి పడున్నాయి.
ఐదు సెంటీమీటర్లు కరిగితే మనిషి మునిగే చోట
నా గీత చీమంతైనా వంగలేదు.
పొట్టేలునీ లేగదూడనీ ఒకే గాటన కట్టకే
అనేది మా లెయిడా అమ్మమ్మ, కొట్టంలో.

పీడనాన్ని తీసేశాను.
(గీత పోయింది. కిటికీ మీద గాలి బరువు అలాగే ఉంది.)
మందానికి ఎడమవైపు ఒక నిలువు గీత,
బళ్ళకి కుడివైపు ఇంకొకటి.
రెండూ లేచి నిలబడ్డాయి,
పదిహేనో తేదీ దగ్గర ఒకదాన్నొకటి దాటాయి.

రైవో నా భుజం మీంచి వంగాడు.
"చూశావా తైమి, కలిసింది ఇక్కడే."
నేను మాట్లాడలేదు. కుడి గీత పైకొసని
ఎనిమిది వందలకి జరిపాను. అవి కలవనే లేదు.
నాలుగువందల యాభైకి దించాను. పదమూడునే కలిశాయి.
"ఏది నిజం మరి?"
సెంటీమీటరుకీ లారీకీ పెళ్ళెక్కడ రైవో,
ముహూర్తాలు నేను పెడుతున్నాను.

ఆయన వెళ్ళాక అన్నిటినీ
సున్నా నుంచి నూటి దాకా సాగదీసి చూశాను.
అందరూ ఒకే ఎత్తు. సమానత్వమంటే ఇదే కాబోలు:
ఎవరి యూనిటూ ఎవరికీ మిగల్లేదు.

చివరికి ఒకదాని కింద ఒకటి నాలుగు చిన్న గదులు గీశాను.
ఎవరి పైకప్పు వాళ్ళది,
తేదీలు మాత్రం అందరికీ ఒకే నేల.

నాలుగింటికి ఎండెల్ ఫోను.
"ఇరవై ఆరు," అన్నాడు. డ్రిల్లు ఆపిన రొప్పు.
"ఇంకోటి. రిపి ఇవాళ దిగలేదు.
మూడో గుర్తుకర్ర దగ్గర కూర్చుండిపోయింది. ఎంత పిలిచినా."

కొత్త వరస తెరిచి తల మీద 'కుక్క' అని రాశాను.
యూనిట్ రాయాల్సిన గడిలో చెయ్యి ఆగింది.
ఖాళీగా వదిలేసి
అడ్డకర్ర తాళంచెవి తీసుకుని బయటికి నడిచాను.

ఆ రాత్రి బళ్ళు, సున్నా.
ఏ కొలబద్ద మీద పెట్టినా సున్నా సున్నాయే,
ఒక్క చలికి తప్ప.